తొంభై లక్షల తరవాతి ఫోటో

నిషివాకి శవం తామా నదిలో, రైలు వంతెన కింద దొరికింది. జేబులో పర్సు ఉంది, చేతికి గడియారం ఉంది, మెడలో కెమెరా కూడా వేలాడుతూనే ఉంది. కెమెరాలో ఉండవలసిన కార్డు మాత్రం లేదు.

టోక్యో కసుమిగసెకిలోని ఒక ప్రభుత్వ భవనం నాలుగో అంతస్తులో ‘గణాంకాల సవరణ విభాగం’ అని రాసి ఉన్న తలుపు వెనక, విభాగాధిపతి ఉర్యూ ఆ శవం ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ కుసకబె తెత్సురో వయసు యాభై మూడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు. ఇరుగుపొరుగువాళ్ళు మాత్రం అతడు నిజంగానే గణాంకాలు సవరిస్తాడని నమ్ముతారు.

“పోయిన నెల రేవులో వాళ్ళ సరుకు ఆపాం” అన్నాడు ఉర్యూ. “వాళ్ళ దగ్గరున్న మన మనుషుల్లో ఆ సరుకు సంగతి తెలిసినవాడు నిషివాకి ఒక్కడే. ఎవడు చెప్పాడో లెక్క కట్టడానికి వాళ్ళకు రెండు రోజులు పట్టింది.”

“ఇప్పుడు ఎవరి వంతు?”

“అసాహినా సయోకో.”

కుసకబె బోర్లా ఉన్న ఫోటో వంక చూశాడు. సయోకోను ఈ పనిలోకి దించింది అతడే. కెమెరా ప్రదర్శనల్లో కంపెనీ స్టాళ్ళ ముందు నిలబడి, వందలాది కెమెరాలకు నవ్వుతూ ఫోటోలిచ్చే అమ్మాయి ఆమె. లూడెక్ ఆ గుంపులోనే ఆమెను పరిచయం చేసుకున్నాడు. పాస్‌పోర్టు ప్రకారం గడియారాల విడిభాగాల వ్యాపారి. అసలు వ్యాపారం వేరు; రేవులో ఆగింది అతడి ముఠా సరుకే. ఏడాదిగా సయోకో అతడి మనిషి. పది నెలలుగా కుసకబె మనిషి కూడా.

“సువా సరస్సు పక్క లెన్సుల ఫ్యాక్టరీ. ఉపగ్రహం కెమెరా డ్రాయింగులు, ఏడు షీట్లు. మొదటి ఆరూ కొలతలు. ఏడోది గాజుకు మెరుగు పెట్టే పద్ధతి. అది లేకపోతే మిగతా ఆరూ గోడకు అంటించుకోవడానికి పనికొస్తాయి. వచ్చే గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు అసలు ప్రతులు ట్రక్కులో వెళ్ళిపోతాయి. దానికి ముందు, భోజన విరామంలో, కొమియామా అనే సెక్షన్ చీఫ్ వాటిని లూడెక్ ముందు పరుస్తాడు. మధ్యవర్తి సయోకో.”

“దొంగ డ్రాయింగులు పెడదాం.”

“గీసినవాడే కొమియామా. గుర్తుపట్టడా?”

“అరెస్టు చేద్దాం.”

“దేనికి? కాగితం ఎత్తుకుపోతే దొంగతనం. వాడి కెమెరాతో, వాడి కార్డులో ఫోటో తీసుకుంటే పోయిన వస్తువేదని జడ్జి అడుగుతాడు. మన చట్టానికి కాగితం కనిపిస్తుంది, దాని మీద ఉన్నది కనిపించదు. పైగా మనం చెయ్యి వేస్తే మర్నాడు ఆ అమ్మాయి నదిలో తేలుతుంది.”

“అంటే ఆపకూడదు.”

“ఆపకూడదు. అది ఆగిపోవాలి.”

“మనం ఆపకుండానా?”

“అదే మీ అసైన్‌మెంట్.”

*

ఇవాబుచికి డెబ్బై ఒకటి. ఒకప్పుడు కెమెరా ఇంజినీరు. ఇప్పుడు కాందాలోని ఒక సోబా నూడిల్స్ హోటల్లో మూలబల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకడు. సెల్‌ఫోన్ వాడడు. అవసరమున్నవాడు వెతుక్కుంటూ వస్తాడన్నది ఆయన వాదం. కుసకబె వెతుక్కుంటూనే వచ్చాడు.

“కెమెరా దానంతట అదే ఆగిపోవాలా? బ్యాటరీ తీసేస్తే సరి.”

“వాడు బ్యాటరీ చూసుకుంటాడు మాస్టారూ. కార్డు ఖాళీ చేసుకుంటాడు. స్క్రూ మీద గీత పడినా కనిపెడతాడు.”

ఇవాబుచి నూడిల్స్ శబ్దం చేస్తూ తిని, కప్పు కింద పెట్టాడు.

“ఫోటోల పేర్లు చూస్తాడా?”

“పేర్లా?”

“అదిగో. మీరూ చూడలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోని కంపెనీల నుంచి పన్నెండు మందిమి, నెలకోసారి ఒక గదిలో కూర్చుని తేల్చిన సంగతి అది. ఫోటో పేరుకు ఎనిమిది స్థానాలు. మొదటి నాలుగు కంపెనీ ఇష్టం. తరవాతి నాలుగు అంకెలు, ఒకటి నుంచి తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా. అవి అయిపోతే కొత్త ఫోల్డరు. ఫోల్డరు నంబరు వంద నుంచి తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా. మొత్తం మీద దాదాపు తొంభై లక్షల ఫోటోలు. ఏ మనిషి తీస్తాడన్ని? అనుకుని, టీ తాగి, ఇళ్ళకు వెళ్ళాం.”

“తీస్తే?”

“షట్టర్ పడదు. కార్డులో చోటుంటుంది. పెట్టడానికి పేరుండదు. అంతే.”

కుసకబె ముందుకు వంగాడు. “కార్డు మారిస్తే?”

“మార్చినా కెమెరా పాత లెక్క మరిచిపోదు. రెండు కార్డుల్లో ఒకే పేరుతో రెండు ఫోటోలుంటే కంప్యూటర్లో ఒకదాన్ని ఒకటి తుడిచేస్తుందని ఆ ఏర్పాటు. ఇంకో సంగతి వినండి. పెట్టిన కార్డులో తన లెక్క కన్నా పెద్ద నంబరు కనిపిస్తే, కెమెరా దాన్నే నమ్మి అక్కణ్ణుంచి లెక్కపెడుతుంది. పాపం, మంచి స్వభావం. నేనే పెట్టాను.”

“అంటే ఒక్కసారి, ఒక్క నిమిషం, మన కార్డు వాడి కెమెరాలో పెడితే…”

“చాలు. తరవాత వాడు ఏ కార్డు పెట్టుకున్నా, ఎన్నిసార్లు ఖాళీ చేసుకున్నా లెక్క మాత్రం కెమెరాలోనే ఉంటుంది. మెనూలో ‘మళ్ళీ మొదటినుంచి’ అని ఒక మార్గముంది. అది నొక్కితే సరిపోతుంది. మాన్యువల్ నూట నలభై రెండో పేజీ, అడుగున, చిన్న అక్షరాలు.”

“దాన్ని చదివినవాళ్ళు?”

“రాసినవాడు. అంటే నేను.”

*

కార్డు పెట్టించే పని సయోకోది. టోక్యో ప్రదర్శనలో వెండిరంగు గౌనుతో స్టాలు ముందు నిలబడి, లూడెక్ కెమెరా ఎత్తగానే చెయ్యి అడ్డుపెట్టింది.

“రోజూ వందమంది తీస్తారు. ఒక్కడైనా నాకు ఫోటో ఇచ్చాడా? ఇదిగో నా కార్డు. దీంట్లో తియ్యండి. ఒక్కటే. ఇంటికెళ్ళి అమ్మకు చూపించాలి.”

చుట్టూ ఉన్న కెమెరా పిచ్చివాళ్ళందరూ లూడెక్ వంక అసూయగా చూశారు. కాదంటే తాను ఆ గుంపులోనివాడు కాడని తేలిపోతుంది. లూడెక్ నవ్వి, తన కార్డు తీసి ఆమె కార్డు పెట్టి, ఒక్కటి తీశాడు. ఆ ఫోటోకు కెమెరా పెట్టిన నంబరు 9987. ఫోల్డరు 999. సయోకో కార్డు లాక్కుని, థాంక్స్ చెప్పి, తరవాతి కెమెరాకేసి నవ్వింది.

ఇక మిగిలినవి పన్నెండు.

పన్నెండే ఎందుకన్నది కుసకబె మూడు రాత్రులు కూర్చుని వేసిన లెక్క. మరీ తక్కువ మిగిలిస్తే కెమెరా ముందే ఆగిపోతుంది, లూడెక్ కారులో ఉన్న రెండో కెమెరా తీసుకుంటాడు. మరీ ఎక్కువైతే ఏడు షీట్లూ పోతాయి. లూడెక్ ఎక్కడికెళ్ళినా ముందు యాత్రికుడి వేషం కోసం కనీసం ఆరు ఫోటోలు తీస్తాడని నిఘా నివేదికలన్నీ చెబుతున్నాయి. పన్నెండులో ఆరు పోతే ఆరు. షీట్లు ఏడు. సున్నితమైన లెక్క. ఇందులో మనిషి చేయగలిగింది ఏమీ లేదన్నదే కుసకబెకు మింగుడుపడని విషయం.

*

గురువారం పొద్దున సువా సరస్సు మీద పొగమంచు దిగింది. ఒడ్డున కట్టేసిన హంస పడవలు మెడల దాకా అందులో మునిగిపోయాయి.

తెల్ల గడ్డం, చేపలవాడి టోపీ, చేతికర్ర. ఆ వేషంలో కుసకబె బెంచీ మీద కూర్చున్నాడు. చెవిలో మినెగిషి గొంతు వినిపిస్తోంది. ఆమె లాండ్రీ వ్యాన్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న సౌండ్ టెక్నీషియన్. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎవరినీ పొగిడిన పాపాన పోలేదు.

“బాతులెన్ని?” ‘బాతులు’ ఆ రోజు కోడ్ మాట. అంటే మిగిలిన ఫోటోలు.

“పదకొండు. ప్రదర్శన తరవాత ఇదే మొదటిది, ఇప్పుడే ఒక హంస పడవను తీశాడు.”

“ఇంకా తియ్యమనండి.”

“ఎలా అనమంటావమ్మా?”

లూడెక్ సరస్సు వంక చూశాడు. కనిపించింది తెలుపు. జేబులోంచి పేపరు తీసి, దాని మీది చిన్న అక్షరాలకు గురిపెట్టి, పరీక్షగా ఒక ఫోటో తీసుకున్నాడు. పది. కెమెరా మూత వేశాడు.

పదిలో ఏడు పోతే మూడు మిగులుతాయి. ఏడు షీట్లూ హాయిగా పడతాయి.

కుసకబె కర్ర పొడుచుకుంటూ లేచాడు. “అయ్యా, అటు తియ్యండి, అటు! సరిగ్గా అక్కడే ఫుజి పర్వతం కనిపిస్తుంది. ఇంత దూరం వచ్చి తియ్యకుండా పోతారా?”

లూడెక్ ఆ దిక్కుకు చూశాడు. తరవాత చక్కటి జపనీస్‌లో, ఎంతో మర్యాదగా అన్నాడు. “పెద్దాయనా, మీకు కనిపిస్తోందా?”

“నేను పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను కదయ్యా, తెలుసు.”

“అయితే నాకు బదులు మీరే చూడండి.” నవ్వుతూ వెళ్ళిపోయాడు.

చెవిలో మినెగిషి నిట్టూర్చింది. “ఇరవై ఆరేళ్ళ అనుభవం సార్ మీది.”

*

ఫ్యాక్టరీ గేటు దగ్గర సందర్శకుల సామాను వెతుకుతారు, ఫోన్లు తీసుకుంటారు. అందుకే లూడెక్ కెమెరా, ఇంకో బ్యాటరీ, ఇంకో కార్డు, సరస్సు దగ్గర్నుంచి రాగానే, కొమియామా లంచ్ డబ్బాలో, అన్నం ఉండవలసిన చోట, లోపలికి వెళ్ళాయి. సయోకో ముత్యాల కమ్మను ఎవరూ వెతకలేదు. అందులో మైక్రోఫోన్ ఉంది.

వీధికి అవతల లాండ్రీ వ్యాన్‌లో కుసకబె గడ్డం పీకేసి రెండో హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. అద్దానికి డ్రైవరు కట్టిన తాయెత్తు వేలాడుతోంది. ప్రయాణంలో క్షేమం కోసమని దాని మీద రాసి ఉంది. వ్యాను ఆగి ఉంది కాబట్టి దాని పరిధి కూడా అంతటితో సరి అనుకున్నాడు కుసకబె.

పన్నెండు గంటలకు చైమ్ మోగింది. వందలాది చెప్పులు క్యాంటీను వైపు నడిచిన చప్పుడు. పన్నెండూ ఎనిమిదికి ఒక తలుపు మూసుకుంది.

“త్వరగా” అన్నది కొమియామా గొంతు. “పన్నెండూ నలభై అయిదుకు మళ్ళీ చైమ్.”

కాగితాలు పరుస్తున్న చప్పుడు. ఆ తరవాత ‘టిక్’ మని ఒక చిన్న శబ్దం.

“తొమ్మిది” అంది మినెగిషి.

“అది షట్టర్ కాదు. విను.”

“ఏంటది? లైటెందుకు ఆర్పావ్?” లూడెక్ గొంతులో మొదటిసారి విసుగు వినిపించింది.

“భోజన విరామం కదండీ” అన్నాడు కొమియామా.

“అయితే?”

“విరామంలో లైట్లు ఆర్పెయ్యాలి. కరెంటు ఆదా.”

“ఓరి నాయనా. నువ్వు దేశం డ్రాయింగులు అమ్ముతున్నావ్. లైటు వెయ్యి.”

“వెయ్యను.” కొమియామా గొంతు వణికింది గానీ వంగలేదు. “ఈ టైములో బిల్డింగు మొత్తంలో ఒక్క లైటుండదు. వెలిగితే ఆఫీసు నిర్వహణ చూసే జనరల్ ఎఫైర్స్ ఆవిడ కాఫీ కప్పుతో సహా ఇక్కడికొచ్చి ఆర్పి, ఎవరు వేశారో బోర్డు మీద రాస్తుంది. పద్దెనిమిదేళ్ళలో నా పేరు ఒక్కసారి కూడా రాలేదు.”

కుసకబె మినెగిషి ముఖం చూశాడు. ఆమె కూడా అతడి ముఖం చూసింది. గణాంకాల సవరణ విభాగంలోనూ పన్నెండుకు లైట్లారిపోతాయి. ఇరవై ఆరేళ్ళుగా ఆ చీకట్లోనే లంచ్ తిన్నాడు గానీ, దాన్ని లెక్కలో వేయాలని ఒక్కసారి కూడా తట్టలేదు.

క్లిక్. ఈసారి షట్టరే. తొమ్మిది.

“కదిలిపోయింది” అన్నాడు లూడెక్.

క్లిక్. ఎనిమిది. “ఇదీ అంతే.”

“ఫ్లాష్ వెయ్యచ్చుగా” అంది సయోకో, మామూలుగా.

క్లిక్. ఏడు. “మెరుపు తప్ప ఏం లేదు. కాగితం అద్దంలా ఉంది.”

మిగిలినవి ఏడు. కాగితాలు ఏడు. ఇంకొక్కటి చెడాలి. కుసకబె ఎదురుగా ఉన్న భవనం వంక చూశాడు. మూడో అంతస్తు, ఎడమనుంచి నాలుగో కిటికీ. వీధి దాటితే నూట ఇరవై అడుగులు. నిషివాకికి కూడా ఒకప్పుడు తాను నూట ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నాడు.

క్లిక్. ఆరు. ఒక బూతు మాట. ఆ తరవాత కుర్చీ లాగిన చప్పుడు.

“కిటికీ గట్టు మీద పెట్టి తీద్దాం. ఆ కర్టెను కొంచెం. చాలు.”

క్లిక్. నిశ్శబ్దం. “ఇది బావుంది. తరవాతిది.”

“అయిదు” అంది మినెగిషి. “ఇంక మిగిలిన షీట్లు ఆరు. సార్, సరిపోదు! వాడికి ఒకటి తక్కువ!”

“ఆగు. వాడేం చేస్తున్నాడు?”

పీప్. పీప్. పీప్. పీప్. చిన్న బటన్ల చప్పుడు.

“చెడిపోయినవి నాలుగూ తుడిచేస్తున్నా” అంటున్నాడు లూడెక్ సయోకోతో. “చెత్త ఉండకూడదు.”

నాలుగు ఫోటోలు తుడిచేస్తే నాలుగు పేర్లు ఖాళీ అవుతాయి. ఖాళీ అయిన పేర్లు మళ్ళీ వాడుకుంటుందా కెమెరా? ఇవాబుచి ఆ సంగతి చెప్పలేదు. కుసకబె అడగలేదు. సోబా హోటలుకు ఫోన్ చేశాడు. పదకొండు రింగుల తరవాత యజమానురాలు ఎత్తింది.

“ఇవాబుచి గారా? వేడినీళ్ళ స్నానశాలకు వెళ్ళారండీ. గురువారం కదా. ఏమైనా చెప్పమంటారా?”

“తుడిచేసిన ఫోటో నంబరు తిరిగొస్తుందా అని అడగండి.”

“తుడిచేసిన… రాసుకుంటా ఉండండి, పెన్ను ఏదీ…”

క్లిక్. క్లిక్. రెండో షీటు, మూడో షీటు.

కుసకబె ఫోను పెట్టేశాడు. చెయ్యగలిగింది ఇంకేదీ లేదు. నాలుగోది. అయిదోది. మినెగిషి నంబర్లు చెప్పడం మానేసింది. ఆమె వేళ్ళు మాత్రం మోకాలి మీద ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. క్లిక్. ఆరోది. చిటికెన వేలు ముడుచుకుంది. పిడికిలయింది.

“ఆఖరిది” అన్నాడు కొమియామా. “ఇదే అసలుది. కానివ్వండి, పన్నెండూ నలభై ఒకటి.”

కాగితం మార్చిన చప్పుడు. కర్టెను రింగుల చప్పుడు. తరవాత ఏమీ లేదు.



పీ…ప్. పొడవాటి, ఏడుపులాంటి శబ్దం.

“ఏంటిది?” లూడెక్ గొంతు. “‘ఫోల్డరు తయారు చెయ్యలేను’ అంటుందేంటి? చోటుందిగా! ఇంకా రెండొందల పై చిలుకు పడతాయని ఇదే చెబుతోంది!”

“కార్డు పాడైందేమో” అంది సయోకో. చలికాలం పొద్దున వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా.

కార్డు మార్చాడు. పీప్. బ్యాటరీ మార్చాడు. పీప్. మెనూ బటన్లు నొక్కుతున్న చప్పుడు మొదలయింది. ఒకటి, రెండు, మూడు. కుసకబె కళ్ళు మూసుకున్నాడు. నూట నలభై రెండో పేజీ. అడుగున, చిన్న అక్షరాలు.

“ఇదేం భాష రా బాబూ… ‘ధ్వని’… ‘తేదీ’… ‘ఫైలు నంబరు’…”

బటన్ల చప్పుడు ఆగిపోయింది.

“నలభై నాలుగు!” కొమియామా దాదాపు ఏడ్చేశాడు. “ఇచ్చెయ్యండి! ట్రక్కువాళ్ళు పైకొస్తారు!”

“ఒక్క నిమిషం. ఇక్కడేదో…”

చైమ్ మోగింది. దాని వెనకే లైటు ‘టిక్’ మని వెలిగింది. నలభై అయిదు కాగానే లైటు వేయడం కూడా కొమియామాకు పద్దెనిమిదేళ్ళ అలవాటే. కాగితం చేతిలోంచి లాగేసిన చప్పుడు. చెప్పులు. తలుపు.

ఒంటిగంటకు ట్రక్కు గేటు దాటింది. ఏడో షీటు అందులోనే ఉంది.

*

లూడెక్ శనివారం విమానమెక్కాడు. పట్టుకోవడానికి చట్టం లేదు కాబట్టి, కుసకబె నరిటా విమానాశ్రయంలో స్తంభం పక్కన నిలబడి వెళ్ళిపోతుంటే చూశాడు. కొమియామా మీద కూడా కేసు లేదు. కొత్త సంవత్సరం నుంచి క్యాంటీను సరుకుల విభాగానికి మార్చారు. సయోకోను ఎవరూ అనుమానించలేదు. లూడెక్ పై అధికారులు కెమెరాను అనుమానించారు. పైగా వెళ్ళేముందు లూడెక్ దాన్ని ఆమె చేతిలోనే పెట్టి, కంపెనీ సర్వీసు సెంటరులో చూపించి ఏం జరిగిందో రాయించి పంపమన్నాడు. ఆమె మీద అతడికి అంత నమ్మకం.

రెండు వారాల తరవాత కుసకబె ఆ జవాబు కాపీని సోబా హోటలు మూలబల్ల మీద పెట్టాడు.

“సయోకో ఎలా ఉంది?” అన్నాడు ఇవాబుచి, కళ్ళజోడు తుడుచుకుంటూ.

“బతికుంది మాస్టారూ. ప్రదర్శనలో నిలబడుతోంది. ఫోటోలు తీయించుకుంటోంది.”

“ఆ రోజు నాకేదో కబురు పెట్టారట. ‘తుడిచేస్తే తిరిగొస్తుందా’ అని. హోటలావిడ అదేదో మరక సంగతి అనుకుంది. రాదు. ఒకసారి పెట్టిన పేరు మళ్ళీ పెట్టదు.”

“ఇప్పుడు తెలిసింది.”

ఇవాబుచి ఉత్తరం విప్పి, పెదవులు కదిలిస్తూ చదివాడు.

‘మా కెమెరాను వాడుతున్నందుకు ధన్యవాదాలు. మీరు పంపినదాన్ని జాగ్రత్తగా పరీక్షించాము. ఏ లోపమూ కనిపించలేదు. నంబర్ల ప్రకారం దీనితో మీరు ఎనభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల ఒక వంద ఫోటోలు తీశారు. మీ ఉత్సాహానికి మా సిబ్బంది అందరూ తలవంచుతున్నారు. మాన్యువల్ నూట నలభై రెండో పేజీ ప్రకారం లెక్కను మళ్ళీ ఒకటికి తెచ్చాము.’

ఆయన ఉత్తరాన్ని మూడోసారి చదివాడు. తరవాత మడిచి, టీ కప్పు కింద పెట్టాడు. ఆయన ముఖంలో, ఇన్నేళ్ళలో కుసకబె ఎప్పుడూ చూడని ఒక వెలుగు కనిపించింది.

“అయితే” అన్నాడు చివరికి, “ఆ మాన్యువల్ చదివినవాళ్ళం ఇద్దరమయ్యామన్నమాట.”